చంద్రబింబమును పెరటి వేధశాలలును

చంద్రుని చూడని తెలుగుబిడ్డ లేడు. అన్నపుముద్దలు తినిపించునప్పుడు తల్లి వ్రేలెత్తి చూపిన మొదటి చుట్టము ఆయనయే. మన మాసములను ఆయన నడకనుబట్టి లెక్కించుకొందుము. పండుగలును, వ్రతములును, పితృకార్యములును ఆయన కళలనుబట్టి నిర్ణయించుకొందుము. ఇంతటి పరిచయముండియు చంద్రుని ముఖముపై ఏమున్నదని యడిగినచో, కుందేలని యొకరు, లేడియని మరియొకరు, చెట్టుక్రింద కూర్చున్న అవ్వయని వేరొకరు చెప్పుదురు. కన్ను ఒంటరిగా పనిచేసినంతకాలము అంతకుమించి చెప్పుట సాధ్యము గాదు. గొట్టమున కటకములు బిగించి చూచిననాడు ఆ కుందేలు మైదానములుగను, పర్వతములుగను, గుండ్రని గర్తములుగను విడిపోవును. ఆ గాజు తెలుగుదేశమునకు ఎప్పుడు వచ్చెను? ఎవరి పెరటిలో నిలిచెను? వచ్చినది ఇంటింటికి ఏల వ్యాపింపలేదు? ఈ మూడు ప్రశ్నలకు చరిత్ర చెప్పు సమాధానము మన గృహములకు నేటికిని పనికివచ్చునది గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా మన పూర్వుల మాట చెప్పుకొనుట న్యాయము. క్రీ. శ. 499వ సంవత్సరమును పేర్కొను ఆర్యభటీయమునందు చంద్రునకు స్వయముగా వెలుగు లేదనియు, సూర్యకాంతియే ఆతనిపై బడి ప్రకాశించుననియు, భూచ్ఛాయలో చంద్రుడు ప్రవేశించుటయే చంద్రగ్రహణమనియు స్పష్టముగా నున్నది. ఒక మహాయుగమునందలి 43,20,000 సంవత్సరములలో చంద్రుడు 5,77,53,336 పర్యాయములు తిరుగునని ఆర్యభటుడు చెప్పెను. ఆయన చెప్పిన దినసంఖ్యను దీనితో భాగించినచో చంద్రుని నాక్షత్రమాసము వచ్చును. నేటి గణితముతో పోల్చినపుడు అందు ఒక సెకనుమాత్రపు భేదమైనను లేదు. శంకువును, ఘటికాపాత్రను, వెదురుతో గట్టిన గోళయంత్రమును దప్ప వేరు పరికరములెరుగని కాలమున ఇది సామాన్యమైన విజయము గాదు. అయినను ఈ శాస్త్రమంతయు చంద్రుని గమనమునకు సంబంధించినది. ఆతడు ఎప్పుడు ఎచ్చటనుండునో వారు చెప్పగలిగిరి. ఆతని నేల యెట్లుండునో చెప్పుటకు వారికి సాధనము లేదు. చంద్రుడు జలమయుడని యెంచిరి. శశాంకుడనియు, మృగాంకుడనియు పేర్లు పెట్టి కవులు తృప్తినొందిరి. సాధనము లేనివారిని నిందింపరాదు. సాధనము చేతికందిన పిదపగూడ కన్ను తెరువనివారి సంగతి వేరు.

ఆ సాధనము ఐరోపాలో పుట్టినది. 1609వ సంవత్సరము జూలై 26వ తేదీన ఇంగ్లండులో థామస్ హారియట్ దుర్భిణితో చంద్రుని చూచి చిత్రము గీచెను. అదే సంవత్సరము నవంబరు చివరినుండి ఇటలీలో గెలీలియో వరుసగా చూచుచు చిత్రములు గీచి, 1610 మార్చిలో గ్రంథముగా ప్రకటించెను. చంద్రునిపై వెలుగునకును చీకటికిని నడుమనుండు సరిహద్దురేఖ నున్నగానుండక రంపపుపండ్లవలె నుండుటను, చీకటిభాగమున అక్కడక్కడ వెలుగుచుక్కలు పొడసూపి కొన్ని గంటలలో పెరిగి వెలుగులో గలియుటను ఆయన గుర్తించెను. తెల్లవారుజామున కొండశిఖరము ముందుగా ఎండనందుకొని, లోయ తరువాత వెలుగొందుట మనమెరుగుదుము; చంద్రునిపైనను జరుగునది అదియేయని ఆయన యూహించెను. ఆకాశమునందలి వస్తువులు దోషరహితములై నునుపుగానుండునను ప్రాచీనవిశ్వాసము ఆ నీడలతోనే కూలినది. నీడ పొడవును, అచ్చట సూర్యుని యెత్తును తెలిసినచో పర్వతము నెత్తు గణింపవచ్చును. మన పూర్వుల శంకుచ్ఛాయాగణితమును ఇదియును ఒకే కుదురునుండి పుట్టినవి.

పిమ్మట చంద్రుని పటములు వ్రాసినవారిలో పెక్కుమంది రాజాస్థానపు జ్యోతిష్కులు గారు; తమ యిండ్లనే వేధశాలలుగా జేసికొన్న గృహస్థులు. డాన్జిగ్ పట్టణమున సారాయివ్యాపారము చేసికొనుచుండిన హెవేలియస్ తన యింటి మిద్దెపైనుండి చూచి 1647లో చంద్రపటముల గ్రంథము ప్రకటించెను. పలకలపై చిత్రములు చెక్కినదియు ఆయనయే. ఆయన భార్య ఎలిజబెత్ తరువాతి నక్షత్రపరిశీలనములలో ఆయన ప్రక్కన నిలిచి పనిచేసి, ఆయన 1687లో మరణించిన పిదప నక్షత్రపట్టికను 1690లో అచ్చువేయించెను. నేడు మనము వాడు గర్తనామములలో పెక్కింటికి మూలము 1651లో రిచ్చియోలి ప్రకటించిన పటము. కోపర్నికస్ సిద్ధాంతమును అంగీకరింపని ఆ మతాచార్యుడే చంద్రునిపై మిక్కిలి శోభాయమానమైన గర్తములలో నొకదానికి కోపర్నికస్ పేరు పెట్టుట విశేషము. పందొమ్మిదవ శతాబ్దమున బెర్లినులో విల్హెల్మ్ బేర్ అను బ్యాంకువ్యాపారి తన యింటియొద్ద చిన్న వేధశాల కట్టించుకొని, మేడ్లర్ అను ఉపాధ్యాయుని తోడుచేసికొనెను. వారి దుర్భిణి కటకము వ్యాసము 95 మిల్లీమీటరులు, అనగా నాలుగంగుళములకు తక్కువ. దానితోనే సుమారు 600 రాత్రులు చూచి, 830 పర్వతముల యెత్తులు కొలిచి, 1834 మొదలు 1836 వరకు నాలుగు పలకలుగా మహాపటమును వెలువరించిరి. చంద్రునిపై గాలియు నీరును గానరావనియు, అది మార్పులేని నేలయనియు వారి గ్రంథము 1837లో లోకమునకు చాటెను. తరువాత ముప్పదియేండ్లకుపైగా దానికి సాటి పటము రాలేదు.

ఆ బెర్లిను పటము పూర్తియైన నాలుగేండ్లకే, అనగా 1840లో, మన విశాఖపట్టణమున ఒక తెలుగు గృహస్థుని తోటలో వేధశాల లేచినది. ఆ గృహస్థుడు గోడే వేంకట జగ్గారావుగారు. 1817లో జమీందారీ కుటుంబమున జనించిన ఆయన యౌవనమున చెన్నపట్టణమునకు బోయి, కంపెనీవారి వేధశాలాధికారియగు థామస్ గ్లాన్‌విల్ టేలరునొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించెను. ఆ చెన్నపట్టణపు వేధశాలయు తొలుత పెరటి వేధశాలయే. 1786లో విలియం పెట్రీ అను కంపెనీ యుద్యోగి ఎగ్మూరులోని తన యింట సొంతధనముతో నెలకొల్పగా, కంపెనీవారు దానిని స్వీకరించి 1792లో నుంగంబాకమున భవనము కట్టించిరి. జగ్గారావుగారు విద్య ముగించి స్వస్థలమునకు వచ్చి, దాబాగార్డెన్సులోని తమ నివాసమున పరికరములు నెలకొల్పిరి. ఆయన దుర్భిణి కటకము ఐదంగుళములకు కొంచెము తక్కువ. చదువరులు ఒక్కక్షణము నిలిచి ఈ కొలతను గమనింపగోరెదను. చంద్రుని మహాపటమును గీచిన బెర్లిను దుర్భిణికంటె విశాఖపట్టణపు దుర్భిణి పెద్దది. మన గాలి వారి గాలికి తీసిపోదు. మన ఆకాశమున చంద్రుడు వారి ఆకాశముకంటె మిక్కిలి యెత్తున, ఒక్కొక్కప్పుడు నడినెత్తికే వచ్చును. గాజు మనకు కొరవడలేదు.

జగ్గారావుగారు 1856లో, నలువదేండ్లు నిండకమునుపే, గతించిరి. వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు వేధశాలను చేపట్టి, 1892లో తాము మరణించువరకు దానికే జీవితమును ధారవోసిరి. ఆరంగుళముల కటకముగల క్రొత్త దుర్భిణిని తెప్పించిరి. వాతావరణపు లెక్కలు క్రమముగా వ్రాయించి ప్రకటించిరి. 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమును దాటినపుడు విశాఖనుండి చూచి, ఆ వృత్తాంతమును లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపిరి. అంతకుముందే, 1871లో, ఆ సంఘము వారిని సభ్యునిగా నెన్నుకొనియుండెను. వారి పిదప భార్య అచ్చయ్యమ్మగారును, కుమారుడును ఆ వేధశాలను నిలుపుటకు పూనుకొనిరి. అయినను ఇరువదవ శతాబ్దపు తొలిభాగముతో దాని కథ ముగిసినది. నేడు దాబాగార్డెన్సు జనసమ్మర్దముగల వ్యాపారస్థలము.

ఆ కుటుంబమువారి కాలముననే తెలుగుదేశము ప్రపంచశాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించిన యొక ఘట్టము జరిగినది. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమున చంద్రుని నీడ గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగెను. ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చి సూర్యుని జ్వాలల వర్ణపటమును పరిశీలించెను. హీలియమను మూలకమును గుర్తించుటకు దారితీసిన పరిశీలనములలో నది యొకటి. చెన్నపట్టణపు వేధశాలనుండి పోగ్సన్ మచిలీపట్టణమునకు, చింతామణి రఘునాథాచార్యులుగారు నిజామురాష్ట్రమునందలి వనపర్తికి వెడలిరి. సంపూర్ణగ్రహణమునకు క్షణముముందు చంద్రుని యంచున వెలుగు ముత్యములసరమువలె చీలిపోవును. 1836లో ఫ్రాన్సిస్ బెయిలీ వర్ణించిన ఆ ముత్యములకు కారణము చంద్రుని కొండలే. కొండలు అడ్డుపడినచోట చీకటి. లోయ తెరచియున్నచోట సూర్యుని కిరణము. రాహువు నోరు అని మనము భయపడినచోట చంద్రుని పర్వతశ్రేణి ప్రక్కనుండి కనబడుచున్నదన్నమాట.

ఈ రఘునాథాచార్యులుగారు సంస్కరణమును గోరువారు స్మరింపదగినవారు. రెటిక్యులం అను నక్షత్రమండలమున వెలుగు మారుచుండు నక్షత్రము నొకదానిని 1867లో కనుగొనిరి. 1874నాటి శుక్రసంక్రమమును సామాన్యులకు దెలుపుటకై పుస్తకమువ్రాసి పలు దేశభాషలలో ప్రకటింపజేసిరి. కంటికి కనబడు ఆకాశమునకు సరిపోవునట్లు పంచాంగగణితమును సవరింపవలెనని వాదించిరి. 1880లో వారు మరణించిరి. చూపును, భాషను జోడించిన మహనీయులు ఆ కాలమున మిక్కిలి అరుదు.

ఇక నేను నివసించు సీమకు వత్తును. మా సత్తుపల్లి ఖమ్మముజిల్లాలో, భద్రాచలపు అడవులకు పోవు దారిలో, ఆంధ్రదేశపు టెల్లనంటియున్నది. 1948 వరకు నిజామురాష్ట్రము. కావున మా పూర్వులకు విశాఖ పరాయిరాష్ట్రము, హైదరాబాదు రాజధాని. ఆ రాజధానిలో నవాబు జఫర్ జంగు అను ప్రభువు 1901లో తన ఫిసల్‌బండ ఆవరణమున 15 అంగుళముల కటకముగల దుర్భిణిని నిలిపి వేధశాలకు శ్రీకారము చుట్టెను. 1907లో ఆయన గతింపగా, 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించినది. అదియే నిజామియా వేధశాల. పిదప బేగంపేటకు తరలినది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. ప్రపంచపు వేధశాలలన్నియు ఆకాశమును పంచుకొని నక్షత్రపటములు తీసిన మహాకార్యమున హైదరాబాదునకును ఒక భాగము దక్కినది. చంద్రుడు నక్షత్రములను మరుగుపరచు క్షణములను అచ్చట శ్రద్ధగా లెక్కించుచుండిరి. చంద్రునికి గాలి లేదనుటకు ఆ మరుగుపాటే చక్కని సాక్ష్యము. నక్షత్రము క్రమముగా మసకబారదు, దీపమార్పినట్లు ఒక్కమారుగ మాయమగును.

అదే 1901వ సంవత్సరమున, అదే హైదరాబాదు నగరమున, శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. ఐదేండ్లకు, 1906లో, విజ్ఞానచంద్రికామండలి స్థాపితమై చరిత్రమును, శాస్త్రములను తెలుగున వ్రాయించుటకు పూనుకొనినది. ఒకచోట దుర్భిణి, మరియొకచోట పుస్తకము; రెండును ఒకే ఊరిలోనివి. కాని విశ్వవిద్యాలయమున బోధ ఉర్దూలో, వేధశాల గ్రంథములు ఇంగ్లీషులో నుండుటచేత, మా అడవియంచు పల్లెలలోని తెలుగు కుటుంబములకు ఆ దుర్భిణి చూచినదేమో తెలియు దారి లేకపోయెను.

మన వైఫల్యమునకు మూలమిచ్చటనే యున్నదని నా యభిప్రాయము. బెర్లిను గృహస్థుడు తాను చూచినదానిని తన భాషలో, పటముగా, అంగడిలో దొరకు పుస్తకముగా జేసి యిచ్చెను. ఆ పటమును ముందుంచుకొని తరువాతివారు తమ పెరళ్లలో చూచిరి, తప్పులు దిద్దిరి, క్రొత్తవి చేర్చిరి. విశాఖపట్టణపు పరిశ్రమ ఇంగ్లీషు నివేదికలుగా సముద్రము దాటి లండను చేరెను గాని, వీధి దాటి తెలుగుపాఠశాలకు రాలేదు. ఆ కుటుంబమువారు సొంతధనము వెచ్చించి, తలపెట్టిన పనిని మూడుతరములు నిలిపిరి. వారిని తప్పుపట్టుట కృతఘ్నత. వారి తరువాత ఆ పనినందుకొనవలసిన చదువరులను, బడులను, సంఘములను మనము సిద్ధపరుపకపోవుటయే లోపము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు జ్యోతిశ్శాస్త్రసంగ్రహము వ్రాసిరి. అట్టి పుస్తకమును చదివిన బాలునకు చూచుటకు గాజు లేదు. గాజున్న యింటికి ఆ బాలుడు పోలేడు.

రెండవ లోపము ఇంకను లోతైనది. మన యిండ్లలో ఆకాశమును చూచుటకు అందరికిని సమానమైన హక్కు లేకపోయెను. గ్రహణమనగానే గర్భిణిని తలుపులు మూసిన గదిలో కదలక పడుకొనబెట్టు ఆచారము నేటికిని పలుచోట్ల నున్నది. ఆమె పచ్చని కూరగాయ కోయరాదు, దాహమైనను నీరు త్రాగరాదు. చంద్రగ్రహణమున భూమినీడ చంద్రునిపై బడుటతప్ప వేరొండు జరుగదని పదునైదువందల యేండ్లక్రింద ఆర్యభటుడు చెప్పినమాటయే. ఆ నీడవలన గర్భస్థశిశువునకు కీడు గలుగునని చెప్పుటకు ఏ యాధారమును లేదు. దాహముతోను, ఆకలితోను ఉంచుటచేత తల్లికి కీడు కలుగుట మాత్రము నిశ్చయము. అట్టి రాత్రి ఆ యింటి పెరటిలో దుర్భిణియుండి, ఆ గర్భిణియే మొదట చూచి, చంద్రునిపై ప్రాకుచున్న నీడయంచు గుండ్రముగానున్నదని అత్తగారికి చెప్పినచో, నూరు ఉపన్యాసములు చేయలేని పని జరుగును. భూమి గోళమని ఆ వంపే చెప్పుచున్నది. సూర్యుని మాత్రము దుర్భిణితో ఎన్నడును చూడరాదు. తగిన వడపోత లేనిదే ఒక్క రెప్పపాటులో కన్ను పోవును. పిల్లలకు ఈ మాట మొదటి పాఠముగా చెప్పవలెను.

నేడు చిన్న దుర్భిణి సామాన్యగృహస్థునకు అందని వస్తువు గాదు. టెలివిజను కొనగలిగిన యిల్లు దీనిని గూడ కొనగలదు. 70 మిల్లీమీటరుల కటకము చాలును. పున్నమినాడు చూచిన మంచిదని తలచుట పొరపాటు. సూర్యుడు చంద్రునికి నడినెత్తిన నున్నట్లుండుటచేత ఆనాడు నీడలుండవు, కొండలు చదునుగా దోచును. వెలుగునీడల సరిహద్దురేఖ నెంచుకొని తిథులవెంట నడువవలెను. శుక్ల తదియ, చవితులలో పడమటి యాకాశమున సంక్షోభసముద్రము కోడిగ్రుడ్డువలె విడిగా గనబడును. పంచమి, షష్ఠులలో థియోఫిలస్ మొదలైన మూడు గర్తములు గొలుసుగట్టి తోచును. థియోఫిలస్ వెడల్పు సుమారు 100 కిలోమీటరులు, నడుమ శిఖరముల గుంపు. అష్టమినాడు ఎపనైన్ పర్వతశ్రేణి 600 కిలోమీటరుల పొడవున వర్షసముద్రపు టంచున ఎండలో నిలుచును. దశమికి కోపర్నికస్ మెట్లుమెట్లుగ దిగిన గోడలతో నూతివలె కనబడును. దాని వెడల్పు 93 కిలోమీటరులు. పున్నమికి టైకో గర్తమునుండి తెల్లని చారలు నలుదెసలకు వ్యాపించి యుండును. సముద్రములన్న పేరేగాని వానిలో నీరు లేదు. అవి పూర్వమెన్నడో కరగిన రాయి పారి గడ్డకట్టిన మైదానములు. మనము కుందేలన్నది ఆ నల్లని మైదానములనే. ప్రశాంతసముద్రము దాని తల. 1969 జూలై 20న మానవుడు మొదట దిగినది ఆ తలపైననే.

మా సత్తుపల్లి పెరటిలో విద్యార్థులకు చూపునపుడు నేను గమనించిన దొకటి గలదు. ఐరోపావారి పటములలో కొన్ని ఉత్తరమును పైనుంచి గీచినవి. మన అక్షాంశమున చంద్రుడు తూర్పున ఉదయించునపుడు ఆతని ఉత్తరధ్రువము మన యెడమచేతివైపునకును, పడమట దిగునపుడు కుడిచేతివైపునకును వంగియుండును. పైగా దుర్భిణి ప్రతిబింబమును తలక్రిందులుగనో ప్రక్కలు మార్చియో చూపును. పటమును చేతబట్టుకొని త్రిప్పి త్రిప్పి పోల్చుకొనిన బాలికయే త్వరగా నేర్చుకొనును. అందుచే మన ఆకాశమునకు తగినట్లు, మన తిథులవారిగా, తెలుగున చంద్రపటములుండవలెను. బొగ్గుగనుల దీపములకాంతి మా ఊరి నక్షత్రములను కొంత మరుగుపరచినను చంద్రుని మరుగుపరుపలేదు. వానలు వెనుకబట్టిన ఆశ్వయుజ కార్తికములందు అడవివైపునుండి వచ్చు గాలి నిర్మలముగా నుండును. అదియే ఈ పనికి తగిన ఋతువు.

తెలుగునేలయగు శ్రీహరికోటనుండి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయానము చంద్రుని నేలపై నీటి అణువుల జాడ కనుగొనుటకు తోడ్పడినది. 2023 ఆగస్టు 23న మూడవ చంద్రయానము దక్షిణధ్రువపు దాపున దిగినది. ప్రశాంతసముద్రమున 22 కిలోమీటరుల వెడల్పుగల, సగము పూడిన గర్తమున కొకదానికి ఆర్యభటుని పేరున్నది. ఇవి గర్వింపదగినవే. అయినను దేశము పంపిన యంత్రము చూచినదానిని వార్తగా వినుట వేరు, ఇంటిలోనివారు తమ కన్నుతో చూచుట వేరు. వినికిడి ఎంత గొప్పదైనను గ్రహణపుగది తలుపును తెరువలేదు.

కావున ప్రతి పాఠశాలకు, ప్రతి గ్రంథాలయమునకు ఒక దుర్భిణి యుండవలెను. దానిని బీరువాలో పెట్టి తాళము వేయక, నెలకు నాలుగు సాయంకాలములు వీధివారి కందరికిని, కులభేదము లేక, స్త్రీలకు ముందుగా, చూపవలెను. చూచినదానిని పిల్లలు తేదీవేసి, తిథివ్రాసి, పెన్సిలుతో గీచి, తెలుగున రెండుమాటలు వ్రాసి దాచవలెను. జగ్గారావుగారి తోటలో 1840లో ఆరంభమై ఆగిన పని అట్లుగాని కొనసాగదు. రాబోవు శుక్లషష్ఠి సాయంకాలము పొరుగువారిని పిలిచి మొదలుపెట్టవచ్చును; చంద్రుడు ఆవేళకు మన నడిమింటికి దాపుననే యుండును.